కాకతీయులు ఎచ్చటివారు?

నేడు పటాన్‌చెరువు పేరు చెప్పగానే యంత్రాగారములు, మందుల కర్మాగారములు, సరకుల లారీలతో నిండిన విశాలమైన రహదారి తలపునకు వచ్చును. ఆ ప్రక్కనే 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రములు కలవు. కాని వేయి సంవత్సరములకు పూర్వము అచ్చట ఒక చక్రవర్తి కొలువుదీరి యుండెను. కళ్యాణి చాళుక్య ప్రభువైన జగదేకమల్ల జయసింహుడు 11వ శతాబ్ది పూర్వార్ధమున కొంతకాలము పొట్టలకెరె యను పట్టణము నుండి రాజ్యపాలనము సాగించెను. ఆ పొట్టలకెరెయే నేటి పటాన్‌చెరువని పండితులు గుర్తించిరి. కన్నడమున కెరె యనగా చెరువు. భాష మారినను ఊరి పేరులో చెరువు మాత్రము నిలిచియున్నది.

ఆ చాళుక్యులకు లోబడి తూర్పుదిక్కున హనుమకొండలో ఒక సామంత కుటుంబము ఉండెను. వారి ఏలుబడిలోని సీమ చిన్నది, వారి బలగము స్వల్పము. కాని నూరేండ్లు దాటునప్పటికి చక్రవర్తుల వైభవము క్షీణించెను; సామంతులు స్వతంత్రులైరి. మరికొంత కాలమునకు తెలుగుదేశములో అధికభాగము ఆ కుటుంబము క్రిందికి వచ్చెను. వారే కాకతీయులు. 1163లో శాసనమెక్కిన వేయిస్తంభముల గుడియు, ఓరుగంటి కోటయు, పాకాల చెరువును వారి కాలపు గురుతులు. 1213లో వారి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయము 2021లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడినది.

ఇంత కీర్తి గడించిన ఈ కుటుంబము హనుమకొండకు రాకముందు ఎచ్చట నుండెను? వారి మొదటి పురుషు డెవరు? కాకతి యను మాట వారికి ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నలు పైకి చిన్నవిగా తోచును. కాని తెలుగువారి నొక్క గొడుగు క్రిందికి తెచ్చిన రాజవంశము ఈ నేలలోనే పుట్టినదా, లేక పడమటి నుండి సేనలతో వచ్చి ఇచ్చట వేరూనినదా యనునది వీని లోనున్న అసలు ప్రశ్న. దీనిపై పండితులు చాలకాలము వాదించుకొనిరి.

తమ పుట్టుకను గూర్చి కాకతీయులే ఏమి చెప్పుకొనిరో ముందుగా వినవలెను. గణపతిదేవ మహారాజు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనము వేయించెను. సముద్రముపై వచ్చు వర్తకులకు అభయమిచ్చిన శాసనముగా అది ప్రసిద్ధి చెందినది. గాలివానకు నావలు పగిలి ఒడ్డున పడినచో రాజభటులు ఆ సరకును దోచుకొను ఆచారము అంతకుముందు కలదు. గణపతిదేవుడు దానిని మాన్పెను. ఇంత మంచి శాసనము వంశావళి దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము కావ్యముగా మారిపోయినది. సూర్యుడు, ఇక్ష్వాకువు, దశరథుడు, శ్రీరాముడు వరుసగా వచ్చి, ఆ పరంపరలో దుర్జయుడను వీరుడు జన్మించెననియు, కాకతీయు లాతని సంతతి యనియు అది చెప్పుచున్నది. కరికాలచోళుడు వేటకై వచ్చి కాకతి యను చోట విడిది చేసెనను కథయు వారి శాసనములలో వినవచ్చును.

చిత్రమేమన, ఆ కాలపు ఇతర శాసనములు పెక్కింటిలో సూర్యుని మాటయే లేదు. గణపతిదేవుని సేనానులలో ఒకడైన మల్యాల గుండని కుటుంబమువారి భూత్పూరు శాసనము తమ ప్రభువులు నాల్గవ వర్ణమువారని దాపరికము లేకుండ, గర్వముగనే చెప్పుచున్నది. దుర్జయుని పేరు కాకతీయుల కొక్కరికే చెందినదియు కాదు. వెలనాటి ప్రభువులు, పరిచ్ఛేదులు మొదలగు తీరాంధ్రపు సామంతులును తాము దుర్జయుని వారమనియే చెప్పుకొనిరి. కనుక ఆ పేరు వలన తెలుగునాట వీరులైన కాపుకుటుంబములకు ఒక పూర్వపురుషుని స్మృతి యుండెనని మాత్రమే తెలియును. అంతకు మించి ఏమియు తేలదు.

ఈ చిక్కు ఓరుగంటివారి కొక్కరికే కలిగినది కాదు. 1620లో మేఫ్లవర్ నావపై అట్లాంటిక్ సముద్రమును దాటి అమెరికాలో దిగిన ఆంగ్లేయుల వెనుక వేలాది కుటుంబములు వెళ్ళి అచ్చట స్థిరపడినవి. కొన్ని తరములు గడచినంతనే ఆ ఇండ్లలోని పిల్లలకు తమ పెద్దలు ఇంగ్లండులో ఏ ఊరివారో తెలియకపోయెను. కలిమి వచ్చిన పిదప కొందరు తమ ఇంటిపేరే గల ఒక ప్రభువంశమును వెదకి, తాము దాని కొమ్మ యని చాటుకొనిరి. ఇంగ్లండులో 1538 నుండి చర్చిలలో బాప్తిస్మము, వివాహము, ఖననము అను మూడింటికిని పట్టీలు వ్రాయుట ఆరంభమై యుండెను. ఆ పట్టీలతోను నావల జాబితాలతోను సరిచూడగా అట్టి కథలు పెక్కు కూలిపోయెను. సరిచూచినవారి పద్ధతి కష్టమైనది కాదు. పేరొక్కటి కలిసిన చాలదు. తండ్రిపేరు, భార్యపేరు, ఊరు, కాలము కూడ కలియవలెను. గొప్పకై వ్రాసికొన్న కాగితముకంటె, వేరొక పనికై వ్రాయుచుండగా ప్రసక్తివశమున పేరు దొరలిన కాగితమే వారికి ఎక్కువ నమ్మదగినదిగా తోచెను.

తెలుగుదేశమున చర్చి పట్టీలు లేవు. రాళ్ళును రాగిరేకులును కలవు. ఆ రాళ్ళను వెదకుట సులభమైన పని కాదు. పొలముగట్లపై, చెరువుకట్టలపై, కూలిన గుడుల ముంగిట అవి పడియుండును. హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలివారు పల్లెపల్లెకు తిరిగి అట్టివానిని సేకరించి 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించిరి. తరువాతి తరమున కాకతీయ చరిత్రపై మిక్కిలి శ్రమించిన వారిలో పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు ముఖ్యులు. ఆయన గ్రంథము 1978లో వెలువడెను.

వంశమూలము విషయమున పండితులకు దారి చూపినవి రెండు శాసనములు. మొదటిది నందిగామ ప్రాంతములోని మాగల్లునకు సంబంధించిన రాగిరేకుల శాసనము. దానిని వేయించినది కాకతీయులు కారు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యరాజు దానార్ణవుడు. కాలము 956. దొమ్మన యను బ్రాహ్మణునకు మాగల్లు గ్రామమును దానముచేయుట అందలి విషయము. ఆ దొమ్మన ఒక దొరకొరకు కర్పటివ్రతము నాచరించెను. దొర తృప్తిచెంది, ఆతనికి ఊరిని ఈయవలసినదని రాజును వేడెను. ఆ దొర పేరు కాకర్త్య గుండ్యన. దాన మడిగినవా డెవ్వడో తెలియుటకై లేఖకుడు ఆతని పెద్దల పేర్లను కూడ వ్రాసెను: గుండియ రాష్ట్రకూటుడు, ఆతని వెనుక ఎఱియ రాష్ట్రకూటుడు, ఆ పిమ్మట బేతియ, బేతియకు భార్య వంద్యనాంబ, వారి కుమారుడు గుండ్యన. సూర్యుడు లేడు, శ్రీరాముడు లేడు. ఒక ముత్తాత, ఒక తాత, తల్లిదండ్రులు, అంతే. ఆ గుండ్యనకు అప్పటికి గొప్ప చెప్పుకొనదగిన రాజ్యమే లేదు.

రెండవది మహబూబాబాదు ప్రాంతములోని బయ్యారము చెరువు శాసనము. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి 13వ శతాబ్ది తొలిభాగమున దీనిని వేయించెను. ఆమె తన పుట్టినింటి వంశమును మొదటినుండి చెప్పించినది. దుర్జయకులమున వెన్నభూపుడు కలిగి కాకతి యను పురము నుండి పాలించెననియు, అందువలననే ఆతని వారసులకు కాకతీశులని పేరు వచ్చెననియు శాసనము తెలుపుచున్నది. వెన్నుని తరువాత వరుసగా ముగ్గురు గుండలు. వారిని కవి ముగ్గురు రాములతో, అనగా పరశురామ దశరథరామ బలరాములతో పోల్చెను. అటుపిమ్మట ఎఱ్ఱ, ఆ తరువాత పిండిగుండ డను బిరుదుగల నాల్గవ గుండడు, ఆతని వెనుక గరుడబేతడు, ప్రోలుడు. ఇట్లు గణపతిదేవుని వరకు వంశము దిగివచ్చినది.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. మాగల్లు రేకులలో గుండియ, ఎఱియ, బేతియ, గుండ్యన. బయ్యారము రాతిలో గుండడు, ఎఱ్ఱ, మరల గుండడు. రెంటికిని నడుమ సుమారు రెండున్నర శతాబ్దముల దూరము కలదు. ఒకటి వేంగిరాజు ఒక బ్రాహ్మణున కిచ్చిన దానపత్రము. రెండవది ఒక రాజపుత్రిక చెరువుకట్టపై నిలిపిన రాయి. బయ్యారపు కవి మాగల్లు బ్రాహ్మణుని ఇంటనున్న రేకులను చూచి వ్రాసెననుటకు వీలులేదు. ఐనను పేర్లును వరుసయు ఒకటితో నొకటి పొందుచున్నవి. బేతియ పేరు మాత్రము బయ్యారమున లేదు. ఆతడు అధికారమునకు రాకమునుపే మరణించి యుండునని కొందరి ఊహ. ఈ చిన్న లోపము సాక్ష్యమును బలపరచుచున్నదే కాని చెడగొట్టుటలేదు. ఒకదానిని చూచి మరియొకటి వ్రాసినచో పేర్లన్నియు సరిగా అతికియుండెడివి కదా.

ఇక రాష్ట్రకూట యను మాట. దీనిపైననే వాదమంతయు నడచినది. 10వ శతాబ్దిలో నేటి కర్ణాటక మహారాష్ట్రములను ఏలిన చక్రవర్తులు రాష్ట్రకూటులు. మాన్యఖేటము వారి రాజధాని. గుండియ, ఎఱియలు ఆ చక్రవర్తుల కులమువారు కావున కాకతీయులు పడమటి నుండి వచ్చినవారని ఒక పక్షము. మరియొక పక్షమువారు దీని నొప్పుకొనలేదు. తూర్పు చాళుక్యులు గ్రామదానము చేయునప్పుడెల్ల ఆ సీమలోని రాష్ట్రకూటులు మొదలగు కుటుంబులను పిలిచి ఆజ్ఞాపించుట వాడుక. అచ్చట ఆ మాటకు సీమపెద్ద యని అర్థము; అది పదవియే కాని కులము కాదు. మన ఊళ్ళలో పటేలు, దేశముఖు అను పదవులు ఇంటిపేర్లుగా నిలిచిపోయినట్లే అదియు పేరునకు తోకగా నిలిచియుండవచ్చును.

ఈ రెండు పక్షములలో దేనిని నమ్మవలెనన్నను మరికొన్ని సంగతులు చూడవలసియున్నది. అమ్మరాజును తరిమి దానార్ణవుడు వేంగి సింహాసన మెక్కుటకు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు తోడ్పడెను. అట్టి సమయమున దానార్ణవుడు ఒక దొర కోరినంతనే ఊరిని దానముచేసెనన్నచో ఆ దొర చక్రవర్తి సేనలతో వచ్చినవాడై యుండుట సహజము. అంతకుముందు మూడవ గుండడును రాష్ట్రకూటుల పక్షమున వేంగిపై దండెత్తి యుద్ధభూమిలో మడిసెనని బయ్యారము శాసనము వలన తెలియును. తాతయు మనుమని కొడుకును ఒకే ప్రభువుల కొరకు కత్తిపట్టిరి. బేతనికి గరుడబేతడను పేరెట్లు వచ్చినది? రాష్ట్రకూటుల లాంఛనము గరుడుడు. కాకతీయుల తొలి చిహ్నము గరుడుడే. చాళుక్యులకు సామంతులైన పిమ్మట వారు చాళుక్యుల వరాహమును గ్రహించిరి. కావున వారు రాష్ట్రకూట చక్రవర్తులకు రక్తబంధువులనుట నిలువకపోవచ్చును కాని, ఆ చక్రవర్తుల సేవలో పైకి వచ్చి తెలుగునేలకు పంపబడిన సేనానుల కుటుంబమనుట మాత్రము చక్కగా నిలుచుచున్నది. వారి పేర్లు గుండడు, ఎఱ్ఱ, బేతడు, ప్రోలుడు. ఇవి తెలుగువారి నోట నలిగిన పేర్లు. వచ్చినవారైనను వారు ఎంత త్వరగా ఈ నేలవారైరో ఈ పేర్లే చెప్పుచున్నవి.

973లో రాష్ట్రకూటుల రాజ్యము కూలిపోయెను. తైలపుడు కళ్యాణి చాళుక్యరాజ్యమును నెలకొల్పెను. పోషకులను కోల్పోయిన ఈ చిన్న కుటుంబము ఆ గాలివానలో దాదాపు రూపుమాసిపోయెను. అప్పుడు దానిని నిలిపినది ఒక స్త్రీ. విరియాల వంశపు ఎఱ్ఱభూపుని భార్య కామసాని, బాలుడైన గరుడబేతని చేయిపట్టుకొని చాళుక్య చక్రవర్తిని దర్శించి, హనుమకొండ సీమను ఆ బాలునకు ఇప్పించెనని గూడూరు శాసనము చెప్పుచున్నది. ఈ సంగతిని కాకతీయులు తమ శాసనములలో చాటుకొనలేదు. మేలుచేసినవారి ఇంటి శాసనములో అది భద్రముగా నున్నది. అందులో తెలుగు వృత్తపద్యములు కూడ కలవు. తరువాత బేతని కుమారుడు ప్రోలుడు చక్రవర్తికి యుద్ధములలో తోడ్పడి హనుమకొండను వంశపారంపర్యముగా పొందెను. పొట్టలకెరె కొలువునకు హనుమకొండ సామంతులు లోబడియుండిన కాలమిదియే.

కాకతి యను పేరు సంగతి ఇంకను తేలలేదు. బయ్యారము శాసనము దానిని ఒక పురమనుచున్నది. ప్రతాపరుద్రీయమునకు వ్యాఖ్య వ్రాసిన కుమారస్వామి సోమపీథి, కాకతి యనగా ఏకశిలానగరమున పూజలందుకొను దుర్గాశక్తి యనియు, ఆమె భక్తులగుటచే కాకతీయులైరనియు చెప్పెను. ఈ రెండు మాటలకును విరోధము లేదు. ఊరిపేరు దేవతకు, దేవతపేరు ఊరికి వచ్చుట మనదేశమున ఎల్లెడల కాననగును. ఆ పుర మెచ్చట నుండెనో చెప్పుటయే కష్టము. కర్ణాటకములో బెళగావి దగ్గర కాకతి యను గ్రామ మొకటి కలదు. ఆంగ్లేయులతో పోరాడిన కిత్తూరు చెన్నమ్మ పుట్టిన ఊరది. కొందరు దానినే చూపుదురు. కాని పేరొక్కటి కలిసిన చాలదను నియమము ఇచ్చటను వర్తించును.

ఇంతకంటె మనోహరమైన కథ కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రలో కలదు. కాకతీయుల పూర్వపురుషుడైన మాధవవర్మ పద్మాక్షీదేవిని కొలిచి ఆమె దయవలన అపారమైన సేనాబలమును పొందెనట. హనుమకొండలో పద్మాక్షి గుట్ట నేటికిని కలదు. ఆ గుడి మొదట జైనులది. ఐతే 12వ శతాబ్ది తొలి పాదమునకు చెందిన గోవిందాపురపు జైనశాసనములో ఇదే కథ వేరొక పొరుగు వంశమును గూర్చి చెప్పబడినది. పొలవాస దొరల పూర్వపురుషుడు మాధవచక్రవర్తి ఒక యక్షి దయవలన సేనలను పొందెనని అందున్నది. పొలవాసవారి రాజ్యమును కాకతీయులు జయించిరి. రాజ్యముతోపాటు కథయు జయించినవారి ఇంటికి నడచివచ్చినట్లున్నది.

చూచివచ్చినవారి మాటలైనను పరీక్షింపకుండ గ్రహింపరాదు. ఇటలీ దేశపు బాటసారి మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాయుచు, భర్త చనిపోయిన పిమ్మట నలువది యేండ్లుగా ఒక రాణి ధర్మము తప్పక పాలించుచున్నదని పొగడెను. ఆ రాణి రుద్రమదేవి. ఆమె గణపతిదేవునకు కూతురే కాని భార్య కాదు. నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రు డామె భర్త. పొగడ్త సరియైనదే, చుట్టరికమే తారుమారైనది. ఆమె మరణమును 1289 నాటి చందుపట్ల శాసనము తెలుపుచున్నది.

ఈ వంశము మూలము వలెనే చివరయు సందేహములతో కూడియున్నది. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకొని ప్రతాపరుద్రుని చెరగొనిపోయెను. దారిలో నర్మదాతీరమున ఆతడు మరణించెనని విలస తామ్రశాసనము; తన ఇచ్ఛవలననే దేవలోకమున కేగెనని 1423 నాటి కలువచేరు శాసనము. అంతటితో ఓరుగంటిలో వారి కథ ముగిసినది. కాని గోదావరి కావలి అడవులలో, బస్తరునందు, మరియొక రాజకుటుంబము తాము కాకతీయులమని చెప్పుకొనుచు ఆరు శతాబ్దముల తరువాతను నిలిచియుండెను. వారి మాట ప్రకారము ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు కోట పడిపోయిన పిమ్మట ఉత్తరమునకు వెడలి బస్తరు రాజ్యమును స్థాపించెను. కులదేవత ఆతనితో, “నీ వెనుకనే వత్తును, తిరిగి చూడకుము” అనెనట. అందెల చప్పుడు వినుచు ఆతడు నడచెను. శంఖిని డంకిని నదుల కూడలిలో ఇసుకలో అడుగులు దిగబడి చప్పుడు వినబడలేదు. ఆతడు వెనుదిరిగి చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయి దంతేశ్వరి యయ్యెను. ఆ ఊరు దంతేవాడ.

ఈ కథకు ముఖ్యమైన ఆధారము దంతేవాడలోని శాసనము. దిక్పాలదేవుని కాలమున, 1703లో, రాజగురువగు భగవాన్ మిశ్రుడు దానిని రచించెను. సంస్కృతము చదువగలవారు కలియుగమున కొద్దిమందియే యుందురని తలచి, అదే విషయమును రెండవ రాతిపై జనుల భాషలో కూడ వ్రాయించెను. ఆ ముందుచూపు మెచ్చదగినది. ఆ శాసనము అన్నమరాజును కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడనుచున్నది. వంశమును మాత్రము చంద్రవంశమనియు, పాండవుడగు అర్జునుని సంతతి హస్తినాపురము విడిచి ఓరుగంటికి వచ్చినదనియు చెప్పుచున్నది. మోటుపల్లి రాయి సూర్యవంశమనెను. దంతేవాడ రాయి చంద్రవంశమనుచున్నది. ఓరుగల్లు పడిన నాటికిని ఈ రాయి లేచిన నాటికిని నడుమ 380 ఏండ్లు గడచెను. ఇంత ఆలస్యముగా వచ్చిన సాక్ష్యమును పండితులు పూర్తిగా త్రోసివేయనులేదు, పూర్తిగా నమ్మనులేదు. బస్తరువారు మాత్రము ఆ పేరును విడువలేదు. 1966లో కాల్పులలో మరణించిన ప్రవీరచంద్ర భంజదేవుడు తన పేరు చివర కాకతీయ యని వ్రాసికొనుచుండెను.

బయ్యారము చెరువు క్రింద నేటికిని పొలములు పండుచున్నవి. మైలాంబ వ్రాయించిన మొదటి పురుషుడు వెన్నునికి తండ్రి యెవరో చెప్పు రాయి ఇంతవరకు దొరకలేదు.